తుమ్మచెట్టు పేరు ఎవరు మార్చారు? జీవుల పేర్లపై మీ ప్రశ్నలు, మా జవాబులు

జీవులకి శాస్త్రవేత్తలు పేర్లు ఎలా పెడతారు, వాటిని గుంపులుగా ఎలా విడదీస్తారు అన్న విషయం మీద ప్రశ్నలు పంపమని కిందటి నెల అడిగాం. చాలామంది రాశారు. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేసి, కొన్నిటికి ఇక్కడ జవాబులిస్తున్నాను.

ప్ర: నా దగ్గరున్న పాత బోటనీ పుస్తకంలో కరివేపాకు శాస్త్రీయ నామం ముర్రయా కోనిగి అని ఉంది. ఫోన్‌లో వెతికితే బెర్గెరా కోనిగి అని వస్తోంది. ఏది రైటు? పరీక్షలో ఏది రాయాలి? ఈ కోనిగి ఎవరు? – బీఎస్సీ విద్యార్థిని, నంద్యాల

ముందు పరీక్ష టెన్షన్ తీర్చేస్తాను. మీ సిలబస్ పుస్తకంలో ఏది ఉంటే అదే రాసి, రెండోది పక్కన బ్రాకెట్లో రాయండి.

ఇక అసలు సంగతి. శాస్త్రీయ నామంలో రెండు మాటలుంటాయి. మొదటిది ప్రజాతి, అంటే దగ్గరి చుట్టాల గుంపు పేరు. రెండోది ఆ గుంపులో ఈ ఒక్క జాతిని వేరుచేసి చెప్పే మాట. మన ఇంటిపేరు, పేరు లాంటివే ఇవి, వరస కూడా మనదే, ఇంటిపేరు ముందు. స్వీడన్‌కి చెందిన కార్ల్ లిన్నేయస్ మొక్కలకి 1753లో, జంతువులకి 1758లో ఈ పద్ధతిని వరసగా అన్నిటికీ వాడి చూపించాడు, ఇప్పటికీ లెక్క ఆ రెండు సంవత్సరాల నుంచే మొదలవుతుంది, అంతకు ముందు ఎవరేం పేరు పెట్టినా చెల్లదు.

కరివేపాకుకి బెర్గెరా కోనిగి అని పేరు పెట్టింది లిన్నేయసే, 1771లో. తర్వాత 1825లో స్ప్రెంగెల్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఇది ముర్రయా గుంపులోది అనుకుని అందులోకి మార్చాడు. అందుకే పాత పుస్తకాల్లో పేరు చివర ‘(లి.) స్ప్రెంగ్.’ అని ఉంటుంది. బ్రాకెట్లో ఉన్నాయన మొదట పేరుపెట్టినవాడు, బయట ఉన్నాయన గుంపు మార్చినవాడు. పేరు వెనకున్న చరిత్రంతా ఆ చిన్న ముక్కలో దొరుకుతుంది, చాలామంది విద్యార్థులు దాన్ని చూడకుండా దాటేస్తారు, దయచేసి మీరు అలా చేయకండి.

ముర్రయాలో మనకి బాగా తెలిసిన ఇంకో మొక్క నాగగొలుగు, తెల్లని పూలతో సాయంత్రం ఘుమఘుమలాడుతుంది, కంచెగా పెంచుతారు. రెండిటినీ దగ్గర పెట్టి చూడండి. నాగగొలుగు పువ్వు పెద్దది, పండు ఎర్రగా ఉంటుంది. కరివేప పూలు చిన్నవి, గుత్తులుగా వస్తాయి, పండు ముదిరితే నల్లబడుతుంది. ఈ తేడాలు అప్పట్లోనూ కనబడేవే, కానీ ఇవి దగ్గరి చుట్టాలా కాదా అని తేల్చడానికి అవి చాల్లేదు. డీఎన్ఏ పోల్చి చూశాక తేలిందేమంటే నాగగొలుగు నిమ్మజాతుల వైపు, కరివేప వేరే కొమ్మ వైపు ఉన్నాయి. ఒకే ప్రజాతిలో ఉంచడం కుదరదు. అలా లిన్నేయస్ పెట్టిన పేరే తిరిగి వచ్చింది. గమనించారా, ఇన్ని మార్పుల్లోనూ కోనిగి అన్న మాట కదల్లేదు. గుంపు మారితే మొదటి మాట మారుతుంది, రెండోది సాధారణంగా వెంటే వెళ్తుంది.

కోనిగి అంటే జొహాన్ గెర్హార్డ్ కోనిగ్. లిన్నేయస్ శిష్యుడు. 1768లో తమిళ తీరంలో డేనిష్ వాళ్ల స్థావరమైన తరంగంబాడికి వైద్యుడిగా వచ్చి, తర్వాత ఆర్కాట్ నవాబు దగ్గరా, ఆపైన ఈస్టిండియా కంపెనీలోనూ పనిచేస్తూ మొక్కలు సేకరించాడు. 1785లో చనిపోయింది ఎక్కడో కాదు, కాకినాడ జగన్నాథపురంలో. ఆయన పేరు రోజూ మన పోపులో పడుతోందన్న సంగతి ఆ ఊళ్లో పిల్లలకైనా చెప్పాలని నాకుంటుంది.

ప్ర: నల్లతుమ్మని అకేషియా నిలోటికా అని పిల్లలకి ఏళ్ల తరబడి చెప్పాను. ఇప్పుడు మనవరాలు వచెల్లియా నిలోటికా అంటోంది. ఆస్ట్రేలియా వాళ్లు ఆ పేరు లాక్కున్నారట, నిజమేనా? – రిటైర్డ్ టీచర్, గిద్దలూరు

మాస్టారూ, లాక్కున్నారు అనడం కొంచెం పెద్ద మాట కానీ, బాధపడటానికి కారణం మాత్రం ఉంది.

ఇక్కడ ఒక నియమం తెలియాలి. ప్రతి ప్రజాతి పేరూ ఏదో ఒక జాతికి కట్టేసి ఉంటుంది, దాన్ని టైప్ అంటారు. పెద్ద గుంపుని విడగొట్టాల్సి వస్తే, టైప్ ఏ ముక్కలో ఉంటే పాత పేరు ఆ ముక్కకి దక్కుతుంది, మిగతావాళ్లు వేరే పేరు చూసుకోవాలి. అకేషియా అన్న ప్రజాతికి టైప్ మన నల్లతుమ్మే. అకేషియా అంతా ఒక్క కుదురు కాదని, దాన్ని విడగొట్టక తప్పదని డీఎన్ఏ పరిశోధనలు చెప్పినప్పుడు, నియమం ప్రకారమైతే తుమ్మకే ఆ పేరు మిగలాలి. కానీ ఆస్ట్రేలియాలో ఉన్నవి దాదాపు వెయ్యి జాతులు, వాటన్నిటి పేర్లూ మార్చాల్సి వస్తుంది. అందుకని అక్కడివాళ్లు టైప్‌నే మార్చి ఒక ఆస్ట్రేలియా జాతికి కట్టమని అడిగారు. 2005లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభలో ఇది ఓటింగ్‌కి వచ్చింది. టైప్ మార్పు వద్దన్నవాళ్లే సగానికి పైగా, దాదాపు 55 శాతం. కానీ పేర్ల వ్యవహారాలు చూసే కమిటీ అప్పటికే మార్పుకి సిఫార్సు చేసింది, దాన్ని కొట్టేయాలంటే 60 శాతం కావాలి. ఆ అయిదు శాతం తక్కువై ఆఫ్రికా, ఆసియా తుమ్మలు పేరు పోగొట్టుకున్నాయి. 2011లో మెల్‌బోర్న్ సభలో మళ్లీ గొడవ జరిగినా అదే ఖాయమైంది.

నా మటుకు నాకు అది సరైన నిర్ణయం అనిపించదు. తక్కువ పేర్లు మారాలి అన్న ఉద్దేశం మంచిదే, కానీ నియమం అందరికీ ఒకటే అయినప్పుడే పేదదేశాల వాళ్లు కూడా దాన్ని నమ్ముతారు. అయితే మనకి ఒక ఊరట ఉంది. వచెల్లియా అన్నది కొత్తగా పుట్టించిన పేరు కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన రాబర్ట్ వైట్, ఆయన మిత్రుడు ఆర్నాట్ కలిసి దక్షిణ భారత మొక్కల మీద 1834లో వేసిన పుస్తకంలో కస్తూరి తుమ్మకి పెట్టిన పేరు అది. ఇన్నేళ్లూ ఎవరూ వాడక మూలపడి ఉంటే ఇప్పుడు బయటికి తీశారు. నిలోటికా అన్న మాట మాత్రం లిన్నేయస్ 1753లో పెట్టిందే, అలాగే ఉంది. కాబట్టి మీరు చెప్పిన పాఠంలో సగం ఇంకా చెల్లుతుంది.

మన రోడ్ల పక్కన నాటిన చెట్టొకటి ఉంటుంది, ఆకులు కొడవలిలా వంగి, పసుపు పూల కంకులు వేసేది, దాని పేరు అకేషియా ఆరిక్యులిఫార్మిస్, ఆస్ట్రేలియా వైపు నుంచి వచ్చింది. ఇప్పుడు అసలైన అకేషియా అదే. ఇంకో మార్పు కూడా చెప్పేస్తాను: 2022లో ప్రోసోపిస్ ప్రజాతిని కూడా విడగొట్టారు. అక్కడ నియమమే నెగ్గింది. తెలంగాణ రాష్ట్ర వృక్షమైన జమ్మి ప్రోసోపిస్ సినరేరియాగానే ఉండిపోయింది, అమెరికా ఖండం నుంచి వచ్చి మన చెరువుగట్లన్నీ ఆక్రమించిన సర్కారు తుమ్మ బయటికెళ్లి నెల్ట్యుమా జూలిఫ్లోరా అయింది.

ప్ర: నేలవేము వేపకి, నేల ఉసిరి ఉసిరికి చుట్టాలేనా? కామెర్లకి నేల ఉసిరి వాడమని మా అత్తగారు చెబుతారు, కానీ పెరట్లో అలాంటి మొక్కలు రెండు మూడు రకాలున్నాయి. – గృహిణి, కరీంనగర్

ఒకటి కాదు, ఒకటి అవును.

నేలవేముకి వేపతో చేదు తప్ప ఏ సంబంధమూ లేదు. దాని అసలు చుట్టాలు అడ్డసరం, కనకాంబరం. మీకు తమాషాగా అనిపించవచ్చు కానీ ఆ మూడు మొక్కల కాయలూ ముదిరాక గమనించండి, ఫట్‌మని రెండుగా పగిలి గింజల్ని దూరంగా విసురుతాయి. రుచి, రంగు చూసి కాదు, ఇలాంటి పోలికలు చూసి శాస్త్రవేత్తలు కుటుంబాలు కట్టారు, తర్వాత డీఎన్ఏ వచ్చి వాటిలో చాలావాటిని నిజమే అంది, కొన్నిటిని సరిదిద్దింది. కరివేప కూడా వేప కుటుంబం కాదు, అది నిమ్మ, మారేడు, వెలగల కుటుంబం. కాకపోతే ఒక మెట్టు పైకెళ్తే, అంటే క్రమం అనే స్థాయిలో, వేప, కరివేప, మామిడి మూడూ ఒకే చోట కలుస్తాయి. ఉగాది పచ్చడిలో వేపపువ్వు, మామిడి ముక్క దూరపు చుట్టాలన్నమాట.

నేల ఉసిరి మాత్రం నిజంగానే ఉసిరికి బంధువు, రెండూ ఫిల్లాంథస్ ప్రజాతి. అయితే మీ అనుమానం చాలా ముఖ్యమైనది. నేల ఉసిరి అని మనం పిలిచేది ఒక్క మొక్క కాదు. ఫిల్లాంథస్ అమారస్, ఫిల్లాంథస్ యూరినేరియా, ఫిల్లాంథస్ మదరాస్‌పటెన్సిస్, ఇవన్నీ ఆ పేరుతోనే చలామణీ అవుతాయి. అమారస్‌ని చాలాకాలం నిరూరి అని రాశారు, నిరూరి వేరే జాతి. ఒక రెమ్మ తిప్పి కిందివైపు చూడండి: కాయలు నున్నగా, చిన్న కాడతో వేలాడుతుంటే అమారస్, కాడ లేకుండా రెమ్మకి అతుక్కుని గరుకుగా ఉంటే యూరినేరియా. ఒక మొక్క మీద చేసిన పరీక్ష ఫలితం ఇంకో మొక్కకి వర్తించదు, మందుమొక్కల విషయంలో శాస్త్రీయ నామం అడగమని మేం పట్టుబట్టేది ఇందుకే. ఇక కామెర్లు అంటే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లి ఏ కారణంతో వచ్చాయో రక్తపరీక్షతో తేల్చుకోండి, అత్తగారికి నా మాటగా చెప్పండి.

ప్ర: బంగినపల్లి, చిన్నరసం, తోతాపురి వేరువేరు జాతులా? – రైతు, నూజివీడు

కాదండీ. అన్నీ మాంగిఫెరా ఇండికా అనే ఒకే జాతి. మనుషులు ఎంచుకుని అంటుకట్టి పెంచిన రకాలు. వాటి పేర్లకి వేరే నియమావళి ఉంది, అందులో రకం పేరుని లాటిన్‌లో రాయనక్కర్లేదు, బంగినపల్లి అని ఉన్నదున్నట్టు రాసి సింగిల్ కోట్స్‌లో పెడితే చాలు. క్యాబేజీ, కాలీఫ్లవర్ కూడా ఇలాగే, చూడ్డానికి ఎంత తేడాగా ఉన్నా ఒకే జాతి.

ప్ర: పుట్టగొడుగు మొక్కా, జంతువా? కార్తీకమాసంలో తినొచ్చా లేదా అని ఇంట్లో పెద్ద వాదన. – ఐటీ ఉద్యోగి, హైదరాబాద్

కార్తీకమాసం సంగతి మీ ఇంటి పెద్దలే తేల్చాలి. సైన్స్ వరకూ అయితే రెండూ కాదు. లిన్నేయస్ వాటిని మొక్కల్లో వేశాడు, 1969లో విట్టేకర్ అయిదు రాజ్యాల పద్ధతి ప్రతిపాదించినప్పుడు శిలీంధ్రాలకి, అంటే పుట్టగొడుగులు, బూజుల గుంపుకి, విడిగా ఒక రాజ్యం ఇచ్చాడు. రాజ్యం అంటే మొక్కలు, జంతువులు లాంటి పెద్ద విభాగం. వాటి కణాల గోడల్లో ఉండేది కైటిన్, రొయ్య పొట్టులో ఉండేదే. పిండిపదార్థాన్ని మనలాగే గ్లైకోజెన్‌గా దాచుకుంటాయి. డీఎన్ఏ లెక్కన చూస్తే పుట్టగొడుగు తోటకూరకన్నా కోడికే దగ్గర. అయినా వాటికి పేరు పెట్టాలంటే ఈరోజుకీ మొక్కల నియమావళే పాటించాలి, అది పాత అలవాటు అలా ఉండిపోయింది.

ప్ర: రక్తపింజరిని ఇంగ్లిష్‌లో రస్సెల్స్ వైపర్ అంటారు. మన పాములకి ఎవరో తెల్లవాళ్ల పేర్లేమిటి? మన పేర్లు పనికిరావా? – ప్రైవేట్ ఉద్యోగి, విశాఖపట్నం

మీరు ఉంటున్న ఊళ్లోనే జరిగిన కథ ఇది, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

పాట్రిక్ రస్సెల్ స్కాట్లండ్ డాక్టర్. 1780లలో విశాఖపట్నంలో ఉన్నాడు. పైన చెప్పిన కోనిగ్ చనిపోయాక ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్తగా ఆ ఉద్యోగం ఈయనకే వచ్చింది. పాము కాటుతో జనం చనిపోతుంటే ఏ పాము విషపుదో ఏది కాదో మామూలు మనుషులు గుర్తుపట్టేలా ఒక పుస్తకం ఉండాలని పట్టుబట్టి, కోరమాండల్ తీరపు పాముల బొమ్మలతో 1796లో అచ్చువేయించాడు. అందులో ఆయన పాములకి లాటిన్ పేర్లు కాదు, ఇక్కడి జనం చెప్పిన పేర్లే రాసుకున్నాడు. రక్తపింజరి బొమ్మ దగ్గర ఉన్నది ‘కాటుక రేకుల పొడ’. ఒంటిమీద కాటుక పెట్టినట్టున్న ఆ నల్ల అంచుల మచ్చల్ని చూసినవాళ్లకి ఆ పేరు ఎంత సరిగ్గా అతికిందో తెలుస్తుంది. లాటిన్ పేర్లు తర్వాత వేరేవాళ్లు ఆ బొమ్మలు చూసి పెట్టారు. 1797లో షా అనే ఆయన రస్సెల్ గౌరవార్థం రస్సెలి అని పెట్టాడు, స్పెల్లింగ్‌లో ఒక ‘ఎల్’ వదిలేశాడు. ఇవాళ్టికీ దబోయా రస్సెలి అని ఒక్క ‘ఎల్’తోనే రాస్తాం, మొదట అచ్చయిన స్పెల్లింగే చెల్లుతుందని నియమం.

ఇక మన పేరు. రస్సెల్ పుస్తకంలో ‘బంగారం పాము’ అని ఒకటుంది, పసుపు నలుపు పట్టీలున్న పెద్ద కట్లపాము. 1803లో ఫ్రాన్స్‌కి చెందిన డోడాన్ ఆ తెలుగు మాటనే లాటిన్ చేసి బంగారస్ అని ప్రజాతి పేరు పెట్టాడు. చైనాలో, తైవాన్‌లో, ఇండోనేషియాలో ఉన్న కట్లపాములన్నీ ఆ పేరుతోనే ఉన్నాయి. మన ఇళ్లలోకి రాత్రిపూట వచ్చే మామూలు కట్లపాము బంగారస్ సెరూలియస్.

గుర్తుపట్టడం విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే కట్లపాముని పోలిన విషంలేని పాములున్నాయి. కట్లపాము వెన్ను మధ్యలో ఒక వరస పొలుసులు మిగతావాటికన్నా పెద్దవిగా, ఆరుకోణాలుగా ఉంటాయి. తెల్లపట్టీలు జంటలు జంటలుగా ఉంటాయి, తల దగ్గర చాలావాటికి సరిగ్గా కనబడవు, తోకవైపు స్పష్టంగా ఉంటాయి. విషంలేని ఇంటిపాములో పట్టీలు మెడ దగ్గర బాగా కనబడి తోకవైపు మసకబారతాయి. ఇవి ఫొటోలో చూసుకోవడానికి చెప్పాను, దయచేసి పాముని, చచ్చిన పామునైనా సరే, చేత్తో పట్టుకుని పొలుసులు లెక్కపెట్టకండి.

వర్గీకరణ ప్రాణాల మీదికి వచ్చేదీ ఇక్కడే. మయన్మార్, థాయ్‌లాండ్ వైపు ఉన్న రక్తపింజరిని ఒకప్పుడు మనదాంట్లోనే ఉపజాతిగా లెక్కవేసేవారు. ఇప్పుడు దబోయా సయామెన్సిస్ అని వేరే జాతి చేశారు. మనదేశంలో విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపొడ, ఈ నాలుగింటి విషాలతో తయారవుతుంది. ఒక జాతి విషంతో చేసిన మందు ఇంకో జాతి కాటుకి అంత బాగా పనిచేయకపోవచ్చు. పేరు ఎందుకు మార్చారని విసుక్కునేవాళ్లకి నేను ముందు చెప్పే ఉదాహరణ ఇదే.

ప్ర: నాకు పురుగుల ఫొటోలు తీయడం హాబీ. కొత్త జాతి ఏదైనా దొరికితే మా అమ్మ పేరు పెట్టొచ్చా? – డిగ్రీ విద్యార్థి, గుంతకల్లు

పెట్టొచ్చు. సొంత పేరు పెట్టుకోవడం మర్యాద కాదు గానీ అమ్మ పేరుకి ఏ అడ్డూ లేదు. ఊరి పేరు కూడా పెట్టొచ్చు. తెలంగాణలో యామన్‌పల్లి దగ్గర దొరికిన డైనోసార్ ఎముకలకి 1988లో కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పెట్టారు, ఆ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. అదే ప్రాంతపు రాళ్లలో దొరికిన ఇంకో డైనోసార్ బారాపాసారస్ టాగోరి, అందులో ‘బారాపా’ అంటే బెంగాలీలో పెద్దకాలు, టాగోరి రవీంద్రనాథ్ ఠాగూర్.

అసలు కష్టం పేరు పెట్టడంలో లేదు, కొత్తదని నిరూపించడంలో ఉంది. ఇప్పటిదాకా పేరున్న జాతులే దాదాపు 20 లక్షలు, 2011లో వేసిన ఒక అంచనా ప్రకారం బాక్టీరియాలు కాకుండా ఉన్నవి 87 లక్షల దాకా. కాబట్టి కొత్తవి దొరకడం వింత కాదు, మీ జిల్లాలోనే పేరులేని పురుగులు ఉండే ఉంటాయి. కానీ మీది కొత్తది అనాలంటే దాని దగ్గరి జాతులన్నిటి వివరణలూ చదవాలి, వాటి అసలు నమూనాలతో పోల్చాలి. పురుగుల్లో ఈ తేడాలు చాలాసార్లు మైక్రోస్కోపు కింద జననాంగాల ఆకారంలోనే తెలుస్తాయి, ఫొటోలో కనబడవు. పోల్చాక ఒక నమూనాని హోలోటైప్‌గా, అంటే ఆ పేరుకి ఆధారమైన అసలు నమూనాగా, ఎంచి మ్యూజియంలో భద్రపరచాలి, అది ఎక్కడ, ఏ తేదీన దొరికిందో, మిగతా జాతులతో తేడా ఏమిటో రాసి అచ్చువేయాలి. అచ్చయిన రోజే ఆ పేరు పుట్టినట్టు లెక్క. ఫేస్‌బుక్‌లో పెట్టిన పోస్టు చెల్లదు.

దొరికిన చోటు ఎంత జాగ్రత్తగా రాయాలో చెప్పడానికి మీ పక్క ఊరే ఉంది. నీలిరంగులో మెరిసే గుత్తి సాలీడు, పోసిలోథీరియా మెటాలికా. 1899లో పోకాక్ దానికి పేరు పెట్టింది గుత్తిలో రైల్వే కలప యార్డులో దొరికిన ఒకే ఒక్క నమూనా చూసి. అది అక్కడి ప్రాణి కాదు, కలపతో పాటు రైల్లో వచ్చి ఉంటుంది. ఆ తర్వాత వందేళ్ల పైన ఏ శాస్త్రవేత్తకీ కనబడలేదు, 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ దొరికింది. ఇప్పుడు అంతరించిపోయే ప్రమాదం బాగా ఎక్కువగా ఉన్నవాటిలో అదొకటి, పెంపుడు జంతువుల వ్యాపారం కోసం పట్టుకుపోతున్నారు కూడా. అలాంటి అరుదైనవి కనబడితే ఖచ్చితమైన చోటు బహిరంగంగా పెట్టకండి.

మీరు ఇప్పుడే చేయగలిగింది ఏమిటంటే, పురుగుని పైనుంచి, పక్కనుంచి, ముఖం మీదినుంచి ఫొటోలు తీయండి, ఏ మొక్క మీద ఉందో, తేదీ, ఊరు రాసుకోండి, జీవుల ఫొటోలు పెట్టి గుర్తుపట్టించుకునే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో పెట్టి ఆ గుంపు మీద పనిచేసేవాళ్లని పట్టుకోండి. అనుమతి లేకుండా అడవిలో ఏదీ పట్టొద్దు, 1972 వన్యప్రాణి చట్టం, 2002 జీవవైవిధ్య చట్టం రెండూ వర్తిస్తాయి. నిజంగా కొత్తదే అయితే ఆ నిపుణుడితో కలిసి పేపర్ రాయండి. అమ్మగారి పేరు సీత అనుకుందాం, స్త్రీ పేరు కాబట్టి ఇంగ్లిష్ అక్షరాల్లో చివర ‘ఏ’ పక్కన ‘ఈ’ చేర్చాలి, మొదటి అక్షరం చిన్నదిగానే ఉండాలి. నాన్నగారి పేరు కూడా కలిపి ఇద్దరికీ పెట్టాలనుకుంటే చివర ‘ఓరమ్’ వస్తుంది.